వసంతాన్ని తొందరపెట్టిన వైదేహి గారు

వైదేహి గారు ఇక లేరన్న వార్త నాకు ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీది ఒక కూరల కొట్లో తెలిసింది. అప్పుడు నా చేతిలో కరివేపాకు కట్ట ఉంది. కట్ట వాడిపోయింది గనక ఒకటి కొంటే రెండోది ఊరికే ఇవ్వాలని నేనూ, వాడింది కట్ట కాదు నా చూపేనని గుజరాతీ యజమానీ ఎప్పటిలాగే వాదించుకుంటున్నాం. ఫోన్ మోగింది. వైదేహి గారి భర్త మూర్తి గారు. "అమ్మా, వైదేహి పోయింది" అన్నారు. మధ్యాహ్నం భోజనం చేసి, పెరడు కనిపించే కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్లిపోయారని తర్వాత తెలిసింది. నేను యజమాని చెప్పిన ధర ఆయన చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను. ఆయన వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. "సిస్టర్, ఆల్ ఓకే? ఎవరికేమైంది?" నేను బేరమాడకుండా డబ్బిచ్చానంటే ఏదో ఘోరం జరిగి ఉండాలని ఆయన గ్రహించాడు. నా శోకానికి తొలి సాక్షి ఆ పెద్దమనిషే.

ఆనాటి నుంచి నాకు కుదురు లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చోవడం, లేచి కిటికీ దగ్గరికి వెళ్లడం, మళ్లీ కూర్చోవడం. మేం ఉండే ప్లెయిన్స్‌బరో ఊరి తెలుగువారిలో వైదేహి గారిని ఎరిగినవారికి నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. ఎరగనివారు ఎరగకుండానే ఉండిపోతారేమోనన్న ఆరాటమే నా చేత ఇది రాయిస్తోంది.

ఆవిడ అనంతపురం ఆడపడుచు. ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో దీర్ఘకాలం రసాయన శాస్త్రవేత్తగా పనిచేశారు. అనంతరం విశ్రాంత జీవితం గడిపారని రాయడం ఆనవాయితీ. నేను అలా రాయలేను. ఆవిడ విశ్రాంతిగా ఉండగా చూసిన పాపాన ఎవరూ పోలేదు. మా వీధి చివరి ఇల్లు వారిది. ఇంటి వెనక జానెడు పెరడు. ఆ పెరట్లో ఫిబ్రవరి మాసంలో, నేత చీర మీద దుప్పటంత కోటు వేసుకుని, మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని, మంచులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, ఆకు లేని కొమ్మల మీద మొగ్గల్ని వేళ్లతో నొక్కి చూస్తూండేవారు. తోటపని చేసేవారికి ఓర్పు సహజాభరణమని లోకం అనుకుంటుంది. ఆ మాట ఎవరో ఆవిడతో అంటే మండిపడ్డారు. "ఓపికున్నోళ్లు ఏప్రిల్ దాకా ఆగుతారు. నాకు లేదు గనకనే కత్తెర పట్టుకున్నా. మాది అనంతపురం. వాన కోసం ఎదురుచూసి ఎదురుచూసి నా వంతు ఓపిక అంతా చిన్నప్పుడే అయిపోయిందిమే."

ఆవిడ విద్య ఏమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను. చలి గట్టిగా కొన్ని వారాలు తిన్న చెట్టు పైకి చచ్చినట్టు కనిపించినా లోపల పూతకు సిద్ధంగా ఉంటుంది. మంచు కాస్త సడలిన రోజున కొమ్మ కోసి, మొదలు ఏటవాలుగా చెక్కి, చివర చీల్చి, ఒక రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో పడుకోబెట్టి, ఆపైన చల్లని గదిలో బకెట్లో నిలబెట్టి, నీళ్లు చిలకరిస్తూ ఉంటే, వసంతం వచ్చేసిందన్న భ్రమలో అది ఇంట్లోనే విచ్చుకుంటుంది. బయట పార పట్టి మంచు తోస్తుంటే లోపల పూలు. ఒక విధంగా ఇది చెట్టుని మోసం చేయడమే. "మోసం కాదు. అది ఎట్లాగూ ఇచ్చేదాన్నే కొంచెం ముందుగా అడుగుతాండా, అంతే" అనేవారు వైదేహి గారు.

ఆ పూసే కొమ్మల్ని ఆవిడ తన ఇంట్లో ఉంచుకునేవారు కాదు. ఈ దేశంలో తొలి శీతకాలం గడుపుతున్న మన ఆడపిల్లలు ఎవరున్నా, వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చి వచ్చేవారు. ఆకురాలిన చెట్లని చూసి ఇవన్నీ చచ్చిపోయాయని బెంగపడని పిల్ల మనలో ఎవరూ ఉండరు. నేనూ బెంగపడ్డాను. అప్పుడే ఆవిడ మా అపార్ట్‌మెంట్ తలుపు తట్టి, కాగితంలో చుట్టిన ఎండు పుల్ల ఒకటి చేతిలో పెట్టారు. మాది చీరాల. మా నాన్నగారిది బట్టల కొట్టు, మేనమామలది కిరాణా. గల్లాపెట్టె పక్కన చాప మీద పెరిగినదాన్ని. పండక్కి వచ్చిన ఖాతాదారుకి మేం జాకెట్టు ముక్కయినా పెడతాం. ఈవిడ వంటచెరుకు పెడుతోందే అని నా మనసు చివుక్కుమంది.

"దీన్నేం చేసుకోవాలండీ?"

"నీళ్లలో పెట్టు. మిగతాది అది చూసుకుంటుంది. యా ఊరు మీది?"

"చీరాలండీ."

ఆ రోజు నుంచి నా పేరు ఆవిడ నోట వినలేదు. "ఏమ్మే చీరాలా" అనే పిలుపే. ఈమధ్య ఎవరైనా నన్ను పేరుపెట్టి పిలిస్తే వేరెవరినో అనుకుంటున్నాను.

ఆ పుల్లని తెచ్చి నేను దేవుడి పటాల దగ్గర పెట్టాను. మంచి చోటని నా ఉద్దేశం. కొన్నాళ్లకి మొగ్గలన్నీ విప్పుకోకుండానే నేల రాలాయి. సరుకు నాసిదని తేల్చుకుని, మర్యాదకి ఆవిడతో చెప్పాను. చెప్పులైనా విప్పకుండా వచ్చి, నేరం జరిగిన చోట పోలీసు అధికారిలా పరిశీలించారు.

"అరటిపండ్లు ఎవరు పెట్నారు ఈడ?"

"నేనేనండీ. శనివారం కదా, దేవుడికి."

"మాగే పండు ఒక వాయువు వదులుతాది. మొగ్గకి అది విషం. దేవుణ్ణన్నా జరుపు, కొమ్మనన్నా జరుపు."

"దేవుణ్ణి జరపమంటారా!"

"దేవుడు ఏమీ అనుకోడుమే. కొమ్మ అనుకుంటాది."

మర్నాడు ఇంకో కొమ్మ వచ్చింది. అరటిపళ్లు వంటింటికి వెళ్లాయి. ఆ కొమ్మ మీద పసుపుపచ్చని పూలు విచ్చుకున్న ఉదయాన నేను మా అమ్మకి వీడియో కాల్ చేసి, కొమ్మ మొహం తప్ప నా మొహం చూపించలేదు.

తర్వాతి ఏళ్లలో మా ఇద్దరికీ ఒక రకమైన భాగస్వామ్యం కుదిరింది. ఆకురాలు కాలం చివర మొక్కలమ్మే చోట మిగిలిపోయిన సరుకు తీసేస్తారు. ఒకసారి అక్కడ మూలన చెర్రీ మొక్క ఒకటి ఎండుకట్టెలా నిలబడి ఉంది. వైదేహి గారు దాని బెరడుని గోటితో గీరి చూసి, వెంటనే బొటనవేలు దాని మీద పెట్టి మూసేశారు. నా వైపు తిరిగి, మొహం ఏమాత్రం మారకుండా, "లోపల పచ్చగుంది. కొనుమే. నువ్వు మాత్రం ఏడుపు మొహం పెట్టు" అన్నారు. నేను అమ్మేవాణ్ణి పిలిచాను. అతను నిజాయితీపరుడు. "మేడమ్, దట్ వన్ ఈజ్ డెడ్" అన్నాడు. "చచ్చిపోయినదానికి ధరేమిటి మరి?" అన్నాను. అతను తల గోక్కున్నాడు. నేను కదలలేదు. చివరికి మేం ఎరువు బస్తా కొన్నందుకు కొసరుగా ఆ చెట్టు మా కారెక్కింది. దార్లో ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "నువ్వు మనుషులతో బేరమాడతావు, నేను చెట్లతో. మనిద్దరిదీ ఒకే కులం చీరాలా." నాకు లభించిన సత్కారాలలో అత్యుత్తమమైనది అదే. ఆ చెర్రీ ఆవిడ పెరట్లో పెరిగి మూర్తి గారి తల దాటింది.

మూర్తి గారి గురించి ఒక మాట. మితభాషి, ప్రశాంతచిత్తులు. ఆ ఇంట్లో ఓర్పంతా ఆయన వాటాకే వచ్చింది. ఫిబ్రవరి వస్తే బాత్‌టబ్ నిండా కొమ్మలు ఉండేవి. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కింద బేస్‌మెంట్‌లో ఉన్న ఇరుకు షవర్‌కి వెళ్లేవారు. "ఈ ఇంట్లో నాకు కూడా ఒక బకెట్ కేటాయించమని అడుగుతున్నానమ్మా" అనేవారు నాతో. "మీరు పూస్తే కేటాయిస్తా" అని లోపలి నుంచి జవాబు వచ్చేది.

ఈ ఏటి కొమ్మ శ్రావ్యది. వరంగల్ పిల్ల, పెళ్లై శరదృతువులో వచ్చింది. భర్త పొద్దున్నే ఆఫీసుకి వెళితే చీకటి పడ్డాక రావడం. తనకి పనిచేసే వీసా లేదు, డ్రైవింగ్ రాదు. వైదేహి గారి వంటింట్లో కూర్చుని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను అక్కడే ఉన్నాను.

"నాకీడ మనసున పడ్తలేదు ఆంటీ. కిటికీల కెల్లి సూస్తే ఒక్క ఆకు కానొస్తలేదు. మా అమ్మ దగ్గరికి పోత. మల్ల రాను."

"పో. ఎవరొద్దన్నారు? టికెట్ ఎప్పటికి?"

"ఉగాదికి బుక్ చేద్దామనుకుంటున్న."

"సరే. ఉగాదికి ముందే నీ ఇంట్లో పూలు పూయిస్తా. చూసినాక కూడా పోవాలనిపిస్తే చెప్పు, నేనే ఏర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేస్తా. అంతవరకు టికెట్ బుక్ చేయగూడదు. మాటేనా?"

"గింత మంచుల పూలేడికెల్లి వస్తయాంటీ!"

"అది నా తలనొప్పి."

వ్యాపారస్తుల కడుపున పుట్టిన నాకే చెమట పట్టింది. సరుకు చేతిలో లేదు. మొగ్గలింకా ఆవగింజంతే ఉన్నాయి. అప్పుడే గడువు పెట్టి మాటిచ్చేశారు. మా కొట్లో ఎవరైనా అలా చేస్తే నాన్నగారు గల్లా దగ్గర నుంచి లేపేసేవారు. వీధిలోకి వచ్చాక ఆ మాటే అంటే, "మాట ముందిస్తేనే కదమ్మే చేతులు కదిలేది" అన్నారు.

మంచు కాస్త సడలిన మధ్యాహ్నం ఒకటి వచ్చింది. ఆవిడ కత్తెర, నేను బకెట్. పసుపు పూల ఫోర్సీథియా పొద నుంచి కొన్ని, మా చెర్రీ నుంచి కొన్ని. బలమైన కొమ్మ వదిలేసి, ఒకదానికొకటి అడ్డం వచ్చి ఎలాగూ తీసేయాల్సిన కొమ్మల్నే ఆవిడ ఎంచేవారు. నాకు ఆ రోజు ఏదో బుద్ధి పుట్టి, ప్రాణమున్న చెట్టుని కోస్తే పాపం కాదా అన్నాను. కత్తెర ఆగలేదు. "ఎట్లైనా పోయే కొమ్మనే కదా, పూసి పోనీ" అన్నారు. అది నేను విన్న ఆవిడ ఆఖరి పెద్దమాట. చిన్నమాటలు ఇంకా ఉన్నాయి: బకెట్ వంకరగా పట్టుకున్నాననీ, నాకంటే స్టాండ్ నయమనీ.

ఆ వారం తిరగకుండానే ఆవిడ వెళ్లిపోయారు.

దహనం అయిన మర్నాడు మూర్తి గారు నన్ను బేస్‌మెంట్ మెట్ల దగ్గరికి పిలిచి, "కింద బకెట్లలోని ఆ కట్టెలు తీసుకెళ్లి పడేయమ్మా. రేపు చెత్త బండి వస్తుంది. వాటి వైపు చూడలేను" అన్నారు. ఆయన చెయ్యి గోడ మీద ఉంది. శ్రావ్యకిచ్చిన మాట ఆయనకి తెలియదు. తెలిసినా ఆ పూట చెవికెక్కేది కాదు. నాకు చేతనైంది ఒక్కటే, అదే మొదలుపెట్టాను.

"ఉగాది దాకా ఉండనివ్వండి."

"రేపు, అమ్మా."

"పోనీ మీరూ నేనూ కాకుండా మధ్యలో ఒక మాట. పెద్దకర్మ దాకా. ఆ సాయంత్రానికి ఒక్క పువ్వు విచ్చకపోతే నేనే మోసుకెళ్లి పడేస్తాను."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు దుఃఖంలో కూడా బేరమాడతావా తల్లీ?" అన్నారు. "నాకు ఏడవడం ఇలాగే వచ్చండీ" అన్నాను. తల ఊపారు.

ఇక నా తిరుగుడు మొదలైంది. పొద్దున లాగిన్ అయ్యే ముందు ఒకసారి, మీటింగుల మధ్య ఒకసారి, వీధి చివరకి నడక. నీళ్లు మార్చడం, చిలకరించడం, మొగ్గ నొక్కి చూడడం. ఆవిడ ఫిబ్రవరిలో ఎందుకలా తిరిగేవారో అప్పుడు అర్థమైంది. ఫోర్సీథియా ముందు కరుణించింది. మొగ్గల కొసన పసుపు గీత కనిపించింది. పెద్దకర్మకి గెలిచేశాననుకున్నాను. దానికి ముందు రెండు రోజులూ ఆఫీసు పని నెత్తిన పడి అటు వెళ్లలేకపోయాను.

పెద్దకర్మనాడు పొద్దున్నే బేస్‌మెంట్ తలుపు తీశాను. బంధుమిత్రులు పరమ శ్రద్ధతో దానాల సామగ్రి తెచ్చి చల్లగా ఉంటుందని అక్కడ సర్దారు. బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, వాటన్నిటి పక్కన, సరిగ్గా బకెట్లని ఆనించి, గెలలకు గెలలు మిగలమాగిన అరటిపళ్లు. గది గదంతా ఆ తీపి వాసన. నేల మీద పసుపుపచ్చని మొగ్గలు. ఫోర్సీథియా కొమ్మలు మళ్లీ కట్టెలయ్యాయి. చెర్రీ బకెట్ అసలు లేదు.

నేను గెలలు చేతికెత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. అది చేసి ఇక ప్రయోజనం లేదని తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు. సరిగ్గా అప్పుడే పైన పురోహితులవారి కంఠం: "అరటిపళ్లు రావాలమ్మా, అరటిపళ్లు!" ఒక పెద్దావిడ నాకు ఎదురొచ్చి, "పళ్లు అటు మోసుకుపోతున్నావేమిటే, వీధిలోకి?" అంది. "వీటికీ కొమ్మలకీ పడదండీ" అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "పాపం, బాగా దగ్గరిది" అని పక్కావిడతో చెప్పింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు వినడానికి మెట్ల పైన ఉండవలసిన మనిషి ఫోటోలో దండ వేసుకుని కూర్చున్నారు. అప్పుడు ఏడ్చాను.

మూర్తి గారు కర్మ ముగించుకుని లేచేదాకా ఆగి అడిగాను. "చెర్రీ పడేశారా?"

ఆయన జవాబు చెప్పకుండా నన్ను మేడ మీదికి తీసుకెళ్లారు. బాత్రూమ్ తలుపు తీశారు. లోపల వెచ్చని ఆవిరి. బాత్‌టబ్‌లో బకెట్, బకెట్లో చెర్రీ. అద్దమంతా మసకేసింది. "పళ్లు తెచ్చి పెట్టిన రోజే చూశాను. అరటిపళ్ల గొడవ ఈ ఇంట్లో ముప్పొద్దులా విన్నవాణ్ణి కదా. రెండు బకెట్లు మోయలేకపోయాను. వైదేహి వేడినీళ్లు తిప్పి ఆవిరి పట్టేది, ఇట్లనే" అన్నారు. "మీ స్నానం?" అన్నాను. "కిందనే" అన్నారు.

కొమ్మని గోటితో గీరాను. పచ్చగా ఉంది. మొగ్గలు బొద్దుగా ఉన్నాయి, కానీ ఒక్కటీ విచ్చలేదు. గడువు ఆ సాయంత్రమే. నేను నోరు తెరవకముందే మూర్తి గారు, "ఏం చీరాలా, ఉగాది దాకా అన్నావు కదా మొదట?" అన్నారు. నా జీవితంలో ఎదుటివాడు తనంతట తాను నా మొదటి ధరకి రావడం అదొక్కసారే. ఆయన నన్ను ఆ పేరుతో పిలవడమూ అదే మొదలు.

ఉగాదికి కొద్దిరోజుల ముందు చెర్రీ పూసింది. మేం చూడని వేళ చూసి పూసింది. తెల్లని పూలు, అంచున లేతగులాబీ మసక. మూర్తి గారు ఫోన్లో "ఓసారి రామ్మా" అని మాత్రమే అన్నారు. కొమ్మని కాగితంలో చుట్టి శ్రావ్య అపార్ట్‌మెంట్‌కి నేనే తీసుకెళ్లాను. ఆ పిల్ల తలుపు తీసి, కొమ్మని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. నీళ్ల జాడీ వెతకడం, కిటికీ దగ్గర పెట్టడం, మళ్లీ తీసి హీటర్‌కి దూరంగా జరపడం, అన్నీ తనే చేసింది. టికెట్ సంగతి నేను అడగలేదు. అడిగే హక్కున్న మనిషి అడిగే చోట లేరు. వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"ఆంటీ, ఒక్కటే తెచ్చినరు? మా పక్క ఫ్లాట్‌ల గూడ ఒక ఆమె కొత్తగొచ్చింది. ఇంకోటియ్యరాదుండ్రి."

"ఉన్నదే ఒకటి" అన్నాను, అలవాటుగా.

"బకెట్ నిండ ఉన్నయని అంకుల్ ఫోన్ల జెప్పిండు. నాకెర్కే."

మా నాన్నగారు అనేవారు: ధర విని మాట్లాడకుండా వెళ్లేవాడు మళ్లీ రాడు, బేరమాడేవాడికి సరుకు కావాలి. ఇంకో కొమ్మ తెచ్చిచ్చాను. ఆ పిల్ల ఉంటుందో వెళుతుందో దైవానికెరుక. నా అనుభవం మాత్రం ఉంటుందనే చెబుతోంది.

సంతాపం తెలిపేవారంతా తీరని లోటు అంటున్నారు. కొట్లో పుట్టినదాన్ని, లోటంటే నాకు తెలుసు. నిండుకున్న సరుకు ఎక్కడి నుంచో తెప్పించుకోవచ్చు. ఈ సరుకు ఒకే ఒక్క చోట తయారయ్యేది, ఆ చోటు మూతపడింది. కత్తెర మూర్తి గారు నాకిచ్చారు. ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీయాలో నాకింకా తెలియదు. అడిగితే తిట్టే మనిషీ లేరు.

కిటికీలోంచి చూస్తే వీధి చెట్లన్నీ ఇంకా కట్టెల్లాగే ఉన్నాయి. ఈ ఏడు వసంతం తన వేళకే వస్తుంది కాబోలు. దాన్ని తొందరపెట్టేవారు లేరు. ఆవిడ ఆత్మకు శాంతి కలగాలని రాయడం లోకమర్యాద. కానీ శాంతి ఆవిడకి ఏనాడూ పడలేదు. ఎక్కడున్నా ఆవిడ చేతికి మంచి పదునున్న కత్తెర ఒకటి, ఎదురుగా ఇంకా పూయని చెట్టు ఒకటి దొరకాలని చేతులెత్తి మొక్కుతున్నాను.